ఇద్దరికని పరిచిన గది

జపాన్ కొండల్లో వేడినీటి బుగ్గల పక్కన పాతకాలపు సత్రాలుంటాయి. వాటిని ర్యోకాన్ అంటారు. చెక్క ఇళ్ళు, చాప గదులు, వెనకాల ఎప్పుడూ పొగలు కక్కే నీళ్ళ తొట్టి. అలాంటి చోట నాలుగు రోజులుండి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి మా ఆఫీసులో అందరిదీ ఒకటే పాట, ఫొటోలేవీ అని. కొండల ఫొటోలున్నాయి, చేప ఫొటో ఒకటుంది. నేనున్న ఫొటో ఒక్కటీ లేదు, తీసేవాళ్ళు లేక. అందుకని రాసి చూపిస్తున్నాను.

ఒక్కరికైతే లేదట

ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఈ సత్రాల్లో చాలా వాటికి ఒంటరి మనిషి అంటే పడదు. గదికి ఇద్దరుండాలి. కంప్యూటర్లో ఎంతమంది అన్న చోట ఒకటి అని నొక్కితే చాలు, అంతదాకా ఖాళీగా కనిపించిన గదులన్నీ మాయమైపోతాయి. రెండు అని నొక్కగానే మళ్ళీ ప్రత్యక్షం. నేను రెండు అని నొక్కాను. అబద్ధమేం కాదు, సరళ వస్తానంది.

సరళంటే ఎవరో చెప్పాలి కదా. సింగపూర్లో హౌగాంగ్ అని ఒక పేట, అన్నీ గవర్నమెంటు కట్టిన ఫ్లాట్లే. అందులో ఒక ఫ్లాట్లో సరళా నేనూ చాలా ఏళ్ళు కలిసున్నాం. ఆమెది వరంగల్ దగ్గర, నాది నరసాపురం. ఇద్దరం పెళ్ళి చేసుకోలేదు. దాని వెనకాల పెద్ద కథలేం లేవు. మొదట్లో కుదర్లేదు, తర్వాత అక్కర్లేదనిపించింది. గుళ్ళో కనపడే ఆంటీలు మమ్మల్ని అక్కచెల్లెళ్ళనుకునేవారు. మా ఇద్దరి మాటలూ వినగానే "ఇదేంటమ్మా, చెరో యాసా?" అని బుగ్గలు నొక్కుకునేవారు. వంట సరళ, గిన్నెలు నేను. పెద్ద గది సరళ, చిన్న గది నేను. ఎందుకలా పంచుకున్నామో కూడా గుర్తులేదు, ఆమె ముందొచ్చింది కాబట్టి అయ్యుంటుంది.

పోయినేడాది సరళ పెళ్ళి చేసుకుంది. యాభై దగ్గర పడ్డాక! పెర్త్‌లో ఉంటాడాయన, తెలుగువాడే, మొదటి భార్య పోయి చాలాకాలమైంది. మంచివాడు. అదే నా బాధ, తిట్టుకోడానికి కూడా ఏం దొరకదు. సరళ రెండు పెట్టెలతో వెళ్ళింది. మిగతా సామానంతా పెద్ద గదిలోనే ఉంచి, "ఉండనియ్యే భానూ, అక్కడ ఎట్లుంటదో ఏమో, చూస్త" అంది. నేను ఆ గదికి తాళం వేసి, ఎవరికీ అద్దెకివ్వకుండా, నా చిన్న గదిలోనే ముడుచుకుని పడుకుంటూ ఏడాది గడిపేశాను.

ఆర్నెల్ల క్రితం ఫోన్ చేసి, "నాకిక్కడ మనసు పడ్తలేదే. ఎప్పటిసంది జపాన్ పోదామనుకుంటున్నం గదా, పోదాం పా. ఆ వేడినీళ్ళ కాడ కూసోని అన్ని మాట్లాడుకుందాం" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె కాపురం చెడాలని నేను కోరుకోలేదు. చెడితే తిరిగొచ్చేస్తుంది కదా అని మాత్రం అనుకున్నాను. రెండూ ఒకటే కదా అంటారా, ఒకటే. సరళ మళ్ళీ హౌగాంగ్ వస్తుందా రాదా, నాకు తెలియాల్సింది అదొక్కటే. ఆ జవాబు కోసమే నేను జపాన్ వెళ్ళాను. కొండలూ బుగ్గలూ ఆ తర్వాత.

ఆమె పెర్త్ నుంచి సూటిగా వస్తానంది, నాకంటే ఒకరోజు వెనక.

రైల్లో పులిహోర

టోక్యో నుంచి ఉత్తరానికి బుల్లెట్ రైలు. ఆ రైల్లో మనుషులు మాట్లాడుకోరు. ఫోన్ మోగితే లేచి తలుపు దగ్గరికి వెళ్ళి మాట్లాడి వస్తారు. మన గోదావరి రైళ్ళలో అయితే ఈపాటికి ఎదుటివాళ్ళ ఆస్తిపాస్తులన్నీ తెలిసిపోయేవి. నేను నోరు కట్టేసుకుని కూర్చున్నాను గానీ ఆకలి ఆగలేదు. డబ్బా మూత తీశాను. నిమ్మకాయ పులిహోర, ఇంగువ దట్టంగా వేసింది. ఆ వాసనకి పెట్టెలో సగం మంది తలలు తిప్పారు.

పక్క సీట్లో కోటు వేసుకున్న ఒకాయన కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తున్నాడు. ముక్కు మాత్రం మేలుకునే ఉంది. పోనీలే అని మూతలో కాస్త పెట్టి చూపించాను. ఉలిక్కిపడి, వంగి దండం పెట్టి, ఒక్కో మెతుకూ లెక్కపెట్టినట్టు తిన్నాడు. వేరుశెనగ గుళ్ళు చివరికి దాచుకున్నాడు. తిన్నాక తన సంచిలోంచి రెండు కమలాపళ్ళు తీసి నా ముందు పెట్టాడు. నేనొకటి తీసుకుని ఒకటి వెనక్కి జరిపితే, ఆయన మళ్ళీ ముందుకు జరిపాడు. ఆ రెండోది సరళకని దాచాను.

రైలు దిగాక చిన్న రైలు, అది దిగాక బస్సు. బస్సులో నేనొక్కదాన్నే. అయినా ఆ డ్రైవరు తెల్ల చేతితొడుగులు వేసుకుని, ప్రతి స్టాపు పేరూ మైకులో చెప్పుకుంటూ వెళ్ళాడు. స్టాపులో ఎవరూ లేకపోయినా ఆపుతాడు, ఒక క్షణం చూస్తాడు, బయల్దేరతాడు. కొండంతా ఎర్రటి ఆకులు. సింగపూర్లో ఏడాదంతా ఒకటే ఎండ, ఒకటే వాన, చెట్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి. ఆకులు రాలి దారంతా పేరుకుపోవడం చూసి చాలా ఏళ్ళైంది. "చూడవే" అని పక్కకి తిరిగాను. సంచీ ఉంది.

సత్రం గుమ్మంలో ఒకావిడ కిమోనో కట్టుకుని రెండు గొడుగులు పట్టుకుని నిలబడి ఉంది. అరవై దాటి ఉంటాయి, పేరు ఫుమీ. నాలుగు రోజులూ నా గది చూసుకున్నది ఆవిడే. వంగి దండం పెట్టి, నా భుజం మీంచి వెనక్కి చూసింది. రెండో మనిషి కోసం. "రేపు" అన్నాను వేలు చూపిస్తూ. ఆవిడ రెండో గొడుగు మడిచేసింది.

పైట పద్ధతి

గదిలో మంచం లేదు, కుర్చీ లేదు. చాపలు, మధ్యలో పొట్టి బల్ల, కిటికీ అవతల వాగు. బుట్టలో రెండు యుకాతాలు మడతపెట్టి ఉన్నాయి. యుకాతా అంటే నూలు గుడ్డ కిమోనో. సత్రంలో ఉన్నంతసేపూ అందరూ అదే కట్టుకుని తిరుగుతారు, భోజనానికైనా స్నానానికైనా. ఒకటి నాది, ఒకటి సరళది. సరళది పక్కన పెట్టి, నాది కట్టుకుని స్నానాల వైపు బయల్దేరాను.

వసారాలో ఫుమీ గారు పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. పళ్ళెం నేలమీద పెట్టేసి, గబగబా వచ్చి నా నడుం పట్టీ విప్పడం మొదలెట్టింది! చచ్చాను పో అనుకున్నాను, నడివసారాలో ఇదేం చోద్యం అని రెండు చేతుల్తో గుడ్డ పట్టుకున్నాను. ఆవిడ వదల్దు, నేను వదల్ను.

అప్పుడే స్నానం చేసి వస్తున్న ఒక చైనీస్ ఆంటీ మమ్మల్ని చూసి పకపకా నవ్వింది. "అయ్యో, నువ్వు కుడి చెంగు పైకి కట్టావ్ లా! అలా చచ్చినవాళ్ళకే కడతారు!"

మాట చివర తగిలించిన ఆ "లా" వినగానే ఎక్కడి మనిషో తెలిసిపోయింది. సింగపూర్. లిమ్ ఆంటీ, సెంబవాంగ్‌లో ఉంటుంది, మొగుడితో వచ్చింది. ఆమె ఇంగ్లీషుని నేను తెలుగులో రాస్తున్నాను గానీ లా మాత్రం ఉంచేస్తున్నాను, అది తీస్తే ఆమె కాదు.

తప్పు నాది కాదు, పైటది. ఇన్నేళ్ళ చీర అలవాటు, గుడ్డ ఏదైనా కుడి నుంచి ఎడమకి లాగి పైకి వేస్తుంది చెయ్యి. వీళ్ళకి బతికున్నవాళ్ళు ఎడమ చెంగు పైకి వెయ్యాలి. శవానికైతే దానికి తిరగేసి. ఫుమీ గారు విప్పి, తిప్పి, బిగించి కట్టి, భుజం మీద రెండుసార్లు తట్టింది. నేను నవ్వేశాను గానీ లోపల ఎక్కడో చివుక్కుమంది. ఒంటరిగా వచ్చిన మనిషి శవంలా కట్టుకుని వసారాలో తిరుగుతోందేమిటా అనుకుని ఉంటుంది పాపం.

ఆ తర్వాతది ఇంకా ఘోరం. స్నానాల గదిలో అందరూ కలిసి, ఒంటిమీద నూలుపోగు లేకుండా దిగాలని నేను చదివే వెళ్ళాను. చదవడం వేరు. బట్టలు విప్పే గదిలో నిలబడితే చేతులు రాలేదు. మా నరసాపురం రేవులో ఆడవాళ్ళు లంగా గుండెలమీదికి కట్టుకుని గోదాట్లో దిగుతారు. ఇంతకన్నా మర్యాద ఏముంటుందని పెట్టెలోంచి లంగా తెచ్చుకున్నాను. గుండెలమీద బిగించి ముడేసుకుని లోపలికి వెళ్ళాను.

లోపల ఇద్దరు ముసలమ్మలు పొట్టి పీటల మీద కూర్చుని ఉన్నారు, అచ్చం మన స్నానాల పీటలే. ఒకావిడ రెండో ఆవిడ వీపు రుద్దుతోంది. నన్ను చూసి ఆ చెయ్యి ఆగింది. పెద్దావిడ నా లంగా చూపించి, నీళ్ళు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. గుడ్డతో నీళ్ళలో దిగకూడదట, నీళ్ళు మైలపడతాయట. మర్యాదనుకున్నదే వాళ్ళకి అశుభ్రం. మొహం ఎర్రబడి, వచ్చిన దారినే వెనక్కి వచ్చేశాను.

రేపు సరళ వస్తుందిగా, ఇద్దరం వెళ్దాంలే అనుకున్నాను. సరళ ముందు నాకు సిగ్గులేదు. గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు నెలరోజులు నాకు స్నానం చేయించింది ఆమే.

చివర్న వచ్చే అన్నం

రాత్రి భోజనం గదిలోకే తెస్తారు. రెండు పళ్ళేలు వచ్చాయి. ఒకటే చాలు, ఆమె రేపు వస్తుంది అంటే ఫుమీ గారు ఫోన్లో అనువాదం చేసి చూపించింది. బుకింగు ఇద్దరికి, వంట ఇద్దరికీ అయిపోయింది, వృథా చేస్తే వంటాయన బాధపడతాడు. సరే, పెట్టమన్నాను.

చిన్న చిన్న గిన్నెలు, ఒక్కోదాంట్లో రెండేసి ముద్దలు. కొండ ఆకుకూరలు, పుట్టగొడుగులు, కింద మంట పెట్టిన బుల్లి కుండలో పులుసు, వాగు చేప ఉప్పు రాసి కాల్చింది. చేప దగ్గర మాత్రం వాళ్ళకి దండం పెట్టాలి, గోదావరి మనిషిని, ఊరికే పొగడను. కానీ అన్నమేదీ? అన్నం వస్తుంది, కలుపుకుందాం అని పులుసు దాచుకుని, చేప సగం ఉంచుకుని కూర్చున్నాను. అన్నీ చల్లారిపోయాయి. అన్నీ అయిపోయాక, గిన్నెలు తీసేశాక, అప్పుడొచ్చింది అన్నం, గుప్పెడు, ఊరగాయ ముక్కలతో. వీళ్ళకి అన్నం ఆఖరు. మనకి అదే మొదలు, మధ్య, చివర. నా సంచిలోని కందిపొడి తీసి కలుపుకున్నాను. ఫుమీ గారు చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్ళల్లో నీళ్ళు తెచ్చుకుని, ఇంకో చిటికెడు అడిగింది.

తర్వాత ఆవిడ బీరువాలోంచి పరుపులు తీసి పక్కలు పరిచింది. రెండు, పక్కపక్కన, మధ్యన బెత్తెడు ఖాళీ. ఆవిడ వెళ్ళాక రెండో పక్క మీద ఏదో మడత కనపడితే సరిచేశాను. దాని దిండు దగ్గర రైలాయన ఇచ్చిన కమలాపండు పెట్టాను.

బస్సు స్టాపు

పొద్దున అందరూ కలిసి తినే టిఫిను హాల్లో లిమ్ ఆంటీ మొగుడు పరిచయమయ్యాడు. మా ఇద్దరి బల్లల మీదా టిష్యూ పొట్లాలు పెట్టి ఉన్నాయి, ఆయన ఒకటి, నేనొకటి, సీటు పట్టుకోడానికి. సింగపూర్లో ఇంతే, దీన్ని చోప్ చెయ్యడం అంటారు. ఆ సత్రంలో అతిథులు పదిమంది కూడా లేరు, సీటు లాక్కునేవాడు ఎవడూ లేడు. అయినా పెట్టేశాం ఇద్దరం.

"మా సెంబవాంగ్‌లో వేడినీళ్ళ బుగ్గ ఉంది" అన్నాడాయన నాతో. "ఊరికే. గుడ్లు కూడా ఉడకబెట్టుకోవచ్చు. ఇంతదూరం ఎందుకో ఈమెకి!"

"అక్కడికి నీతో రోజూ పోతున్నాగా. ఇది వేరే లా" అంది ఆంటీ ఆయన పళ్ళెంలోంచి చేప తీసుకుంటూ. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు ఒక్కదానివేనా?" అంది.

"ఇవాళ సాయంత్రం నా ఫ్రెండ్ వస్తుంది" అన్నాను. చాలా గొప్పగా అన్నాను.

పగలంతా ఊళ్ళో తిరిగాను. ఊరంటే ఒకటే వీధి. వీధి చివర బుగ్గలో ఒక ముసలావిడ వల సంచిలో గుడ్లు ఉడకబెట్టి అమ్ముతోంది. ఊరంతా కుళ్ళిన గుడ్డు వాసన, గంధకం వల్ల, కాసేపటికి ముక్కు అలవాటు పడిపోతుంది. పళ్ళ కొట్లో ఆపిల్ ధర చూసి కళ్ళు తిరిగాయి. హౌగాంగ్ హాకర్ సెంటర్లో కడుపునిండా ఒక పూట భోజనం, ఇక్కడ ఒక ఆపిల్! కానీ సరళకి ఆపిల్ ఇష్టం. గొణుక్కుంటూనే కొన్నాను.

మధ్యాహ్నం బస్సుకి స్టాపు దగ్గర నిలబడ్డాను. వచ్చింది. నిన్నటి డ్రైవరే. తలుపు తెరిచాడు, ఇద్దరు బడిపిల్లలు దిగారు. సరళ ఫోన్ మోగుతోంది గానీ తియ్యడం లేదు. రైల్లో ఉండి ఉంటుంది, అక్కడ మాట్లాడకూడదుగా అని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాతి బస్సులో ఒక పోస్టు సంచీ దిగింది. చలికి ముక్కు కారిపోతోంది. కళ్ళు కాయలు కాసేలా చూడటం అంటే ఏంటో ఆ రోజు తెలిసింది. ఆఖరి బస్సుకి డ్రైవరు నన్ను దూరం నుంచే చూసి, ఆగకముందే తల అడ్డంగా ఊపాడు. అయినా ఆపాడు. తలుపు తెరిచాడు. ఖాళీ సీట్లన్నీ నేను కూడా చూసుకునేదాకా తెరిచే ఉంచాడు.

పెర్త్ నుంచి ఫోను

గదిలోకి వచ్చేసరికి రెండు పళ్ళేలూ పెట్టి ఉన్నాయి. ఫుమీ గారు రెండో పళ్ళెం ముందు కూర్చునే మెత్త సర్దుతోంది. అప్పుడు మోగింది ఫోను.

"ఎక్కడున్నావే? స్టేషన్లో ఉన్నావా? అక్కడే ఉండు, సత్రం వాళ్ళని కారు పంపమంటాను" అన్నాను ఊపిరి తీసుకోకుండా.

 "నేను వస్తలేనే భానూ" అంది.

"విమానం తప్పిపోయిందా?"

"టికెట్టే తీసుకోలె."

నాకు అర్థం కాలేదు. అంటే అర్థమైంది, ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆయనకి బాగోలేదా అన్నాను. బాగనే ఉన్నడంది. కొట్లాడుకున్నారా అన్నాను. లేదంది. "మొదట్ల నిజంగనే మనసు పట్టలె. ఇప్పుడు పట్టిందే. పెరట్ల బెండ, గోంగూర వెట్టిన. ఇంటెన్కాల అంత జాగ ఉంది. ఆయన రోజు పొద్దుగాల నీళ్ళు వోస్తడు. నీకెట్ల జెప్పాలో తెల్వలె."

"మరి వస్తానని ఎందుకు చెప్పావే!" అరిచాను. ఫుమీ గారు మెత్త అక్కడే వదిలి, చప్పుడు కాకుండా తలుపు జరుపుకుని వెళ్ళిపోయింది.

"నేనొస్తనంటెనే నువ్వు పోతవని. ఒక్కదానివి నువ్వు ఎటన్న పోయినవా ఇన్నేండ్లల్ల? సినిమాకు కూడ పోలె. పోవాలె భానూ నువ్వు."

ఒళ్ళు మండిపోయింది. జాలి తలిచిందన్నమాట మహాతల్లి! ఇద్దరికని డబ్బు కట్టించి, కొండెక్కించి, బస్సు స్టాపులో నిలబెట్టి, నాకు మేలు చేసింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. మామూలుగా సరళ ఊరుకునే రకం కాదు, ఒకటంటే పది అంటుంది. ఆ ఊరుకోవడం చూసే నాకు భయమేసింది. తిట్లన్నీ అయిపోయాక అడగాల్సిన మాట అడిగాను.

"మరి నీ గది?"

వాళ్ళింట్లో ఏదో కుక్కరు కూసింది. 

"ఇచ్చెయ్యే. ఎవరికన్న ఇచ్చెయ్."

పెట్టేశాను. రెండు పళ్ళేల ముందు కూర్చుని ఏడ్చాను. ఎవరో పోయినట్టు ఏడ్చాను. సిగ్గేం లేదు చెప్పుకోడానికి. సరళ పెళ్ళైన రోజు ఏడవలేదు, ఆమె విమానం ఎక్కిన రోజు ఏడవలేదు, అదంతా అప్పుడొచ్చింది. ఈ వయసులో నాకు ఇంట్లో మనిషంటూ ఇక లేదని, రాదని, ఆ రెండో పళ్ళెం చూస్తుంటే బాగా తెలిసింది. తర్వాత ఆ పళ్ళెం చేప కూడా నేనే తిన్నాను. వంటాయన బాధపడతాడని కాదు, కోపంతో తిన్నాను.

వీపు

మూడోరోజు పొద్దున గదిలోంచి కదల్లేదు. మొహం మాత్రం కడుక్కుని, కిటికీ దగ్గర కూర్చుని వాగు చూస్తున్నాను. తలుపు కొట్టి లిమ్ ఆంటీ లోపలికి తొంగి చూసింది.

"నీ ఫ్రెండ్ ఏది?"

"రాలేదు. రాదు."

ఆమె అయ్యో అనలేదు. నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు ఇంకా నీళ్ళలో దిగలేదు కదా? ఫుమీ చెప్పింది. ఇంత డబ్బు పెట్టి వేడినీళ్ళకొచ్చి మొహం కడుక్కుంటావా? పిచ్చా? లే లా!" అంది. సింగపూర్ వాళ్ళు దేన్నైనా క్షమిస్తారు గానీ డబ్బు కట్టి వాడుకోకపోవడాన్ని క్షమించలేరు. చెయ్యి పట్టి లాక్కుపోయింది.

బట్టల గదిలో ఆమె చకచకా విప్పేసి బుట్టలో పడేసింది. డెబ్బైకి దగ్గరున్న ఒళ్ళు, ముడతలు, పొట్ట మీద పాత కుట్లు. నావైపు చూడను కూడా చూడకుండా లోపలికి నడిచింది. నాకూ కుట్లున్నాయి. ఏమైతే అదైందని విప్పేశాను. లోపల ఎవ్వరూ తలెత్తి చూడలేదు. ఇంత రాద్ధాంతం చేసుకున్నదాన్ని, కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది.

పీట మీద కూర్చుని ఒళ్ళు రుద్దుకుంటుంటే వెనక నుంచి నా చేతిలోని గుడ్డ లాక్కుంది ఆంటీ. "ఇక్కడ పద్ధతి. ఒకరి వీపు ఒకరు. మా ఆయన అవతల మగాళ్ళ వైపున్నాడు, నాకెవరు రుద్దుతారు? ముందు నీది, తర్వాత నాది."

గుడ్డ మెడ కింద నుంచి నడుం దాకా ఒక్కసారి లాగింది. వేణ్ణీళ్ళు పోసింది. మళ్ళీ లాగింది. సరళ వెళ్ళాక నా వీపు మీద ఇంకో మనిషి చెయ్యి పడలేదు. ఏడాదిగా చెయ్యి అందినంత మేరకే రుద్దుకుంటున్నాను, మధ్యలో ఒక చోట అస్సలు అందదు. ఆ చోటికి రాగానే భుజాలు ఊగిపోయాయి, ఆపుకోలేకపోయాను.

ఆంటీ చెయ్యి ఆపలేదు. "కాస్త ముందుకి వంగు" అంది, అంతే.

తర్వాత ఆమె వీపు నేను రుద్దాను. గట్టిగా, ఇంకా గట్టిగా అంటూ చేయించుకుంది. చెట్లకింద తొట్టిలో మెడ దాకా దిగి కూర్చున్నాం. పైన చలి, కింద వేడి, నీళ్ళ మీద ఎర్రాకులు. "నీకు ఇంట్లో గది నీ ఒక్కదానికేనా?" అని అడిగింది ఆంటీ. అవునన్నాను. "మా ఆయన గురక. పెళ్ళైన దగ్గర్నుంచి నాకొక గదుంటే బాగుండునని చూస్తున్నా లా" అంది కళ్ళు మూసుకుని. నన్ను ఓదార్చడానికి అన్నది కాదు, నిజంగానే కుళ్ళుకుంది.

ఆ సాయంత్రం ఫుమీ గారితో ఒకటే పళ్ళెం చాలన్నాను, ఒకటే పక్క చాలన్నాను. బుకింగు సంగతి ఆవిడ ఎత్తలేదు. తలూపింది. నేను వసారాలో కాసేపు తిరిగి వచ్చేసరికి పక్క పరిచి ఉంది. ముందు రెండు రోజులూ నా పక్క గోడవారగా ఉండేది, రెండోది కిటికీ వైపు. ఇప్పుడు ఒకటే ఉంది కదా, పాత చోటే ఉంటుందనుకున్నాను. బల్ల మూలకి జరిపేసి, గది నట్టనడుమ పరిచింది. చుట్టూ అంత చోటు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఒక మనిషికి ఇంత చోటు ఎందుకని ముందు అనిపించింది. గోడవారకి జరుపుకుందామని పరుపు అంచు పట్టుకున్నాను కూడా. ఎందుకో వదిలేసి, అలాగే పడుకున్నాను. నిద్ర తొందరగా రాలేదు, కానీ వచ్చింది.

తిరిగొచ్చాక

బయల్దేరే రోజు ఫుమీ గారు, వంటాయన, ఇంకా ఇద్దరు గుమ్మంలో వరసగా నిలబడ్డారు. బస్సు మలుపు తిరిగేదాకా చేతులూపుతూనే ఉన్నారు. అది వాళ్ళ పద్ధతట, అతిథి కనుమరుగయ్యేదాకా లోపలికి వెళ్ళరు. ఇంకాసేపు కనపడితే బాగుండునని వెనక అద్దం దగ్గరికి జరిగాను.

సింగపూర్‌లో దిగాక సరళ ఫోన్ చేసింది. "చేరినవా?" అంది. చేరానన్నాను. ఎట్లుందంటే లంగా కథ చెప్పాను. పడీపడీ నవ్వింది. నవ్వీ నవ్వీ, "నేను గూడ వచ్చుంటె మంచిగుండేనే" అంది. "ఉండేది" అన్నాను. నేను నవ్వలేదు. ఇంకా కోపం పోలేదు, ఎప్పటికి పోతుందో తెలీదు. కానీ రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం.

ఆమె సామానంతా పెట్టెల్లో కట్టి పెర్త్ పంపేశాను. కొన్ని నువ్వే ఉంచుకోవే అంది. ఒక్కటీ ఉంచుకోలేదు. తర్వాత గది అద్దెకని మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆదివారం ఒకమ్మాయి చూడ్డానికొచ్చింది. తిరుపతి పిల్ల, ఇక్కడే ఆసుపత్రిలో నర్సు. పెద్ద గది తలుపు తీసి చూపించాను. ఖాళీ చేశాక అది ఎంత పెద్దదో నేనే మొదటిసారి చూశాను. రెండు కిటికీలు, ఎండ, నడుమంతా చోటు.

"చానా బాగుంది ఆంటీ. ఎప్పుడొచ్చేది?" అంది ఆ పిల్ల.

ఎప్పుడైనా రా అనాలి. గది సరళది, సరళ ఇచ్చెయ్యమంది, ఇచ్చెయ్యడానికే తలుపు తీశాను. నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"ఇది నా గదమ్మా. నీకిచ్చేది ఆ చిన్నది."

ఆ పిల్ల చిన్న గదిలోకి తొంగి చూసింది. "దీంట్లో మీ మంచం ఉందే ఆంటీ?"

"ఉంది. ఆ బ్యాగు కింద పెట్టి ఓ చెయ్యి వెయ్యి" అన్నాను.

ఆమె అటువైపు పట్టుకుంది, నేను ఇటువైపు పట్టుకున్నాను.